సీఎస్ఈ డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం కావాలో నాకు తెలిసొచ్చిన తీరు

నా బీటెక్‌లో నేను ఫెయిలైంది ఒకే ఒక్క సబ్జెక్టు, ఇంజినీరింగ్ గ్రాఫిక్స్. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లకి డ్రాయింగ్‌లో బ్యాక్‌లాగ్ ఏంటని మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. 2019లో ఫస్టియర్ రెండో సెమిస్టర్ రిజల్ట్ వచ్చిన రోజు ఫోన్లో చూసుకుంటే ఇంటర్నల్ 21, ఎక్స్‌టర్నల్ 24, మొత్తం 45, పక్కన ఎఫ్. వందకి 40 వస్తే పాస్ అని సీనియర్లు చెప్పారు, నాకు 45 వచ్చాయి, మరి ఎఫ్ ఎందుకు పడింది? ఎక్కడో తప్పు జరిగిందనుకుని మర్నాడు పొద్దున్నే కాలేజీలో ఎగ్జామ్ బ్రాంచ్ కిటికీ దగ్గరికి వెళ్లాను. అక్కడ కూర్చునే సారు నా మార్కులు చూసి, "ఎక్స్‌టర్నల్‌లో 26 రావాలమ్మా, నీకు 24 వచ్చినయి. రెగ్యులేషన్స్ చదువుకోలేదా?" అని అడిగారు. చదువుకోలేదు. అలాంటిది ఒకటి ఉందని కూడా నాకు ఆ రోజే తెలిసింది.

మేం 2018లో చేరిన బ్యాచ్. మాకు వర్తించేవి జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనలు, అంటే 2018లో చేరినవాళ్లతో మొదలైన రెగ్యులేషన్స్. ప్రతి థియరీ సబ్జెక్టుకీ 25 మార్కులు ఇంటర్నల్, 75 మార్కులు సెమిస్టర్ చివర రాసే పరీక్ష. రెండూ కలిపి 40 రావడం ఒక షరతు, చివరి పరీక్షలో విడిగా 35 శాతం, అంటే 75కి 26 రావడం ఇంకో షరతు. ఈ రెండోది నాకు తెలియదు. ఇంటర్నల్ బాగా వచ్చింది కాబట్టి ఎక్స్‌టర్నల్‌లో 19 వచ్చినా గట్టెక్కుతానని లెక్క వేసుకుని, గ్రాఫిక్స్ పక్కన పెట్టి, ఆ నాలుగు రోజుల గ్యాప్ మొత్తం మ్యాథ్స్ మీద పెట్టాను. రెండు మార్కులు తక్కువయ్యాయి.

ఆ రాత్రి హాస్టల్లో నేనూ మా రూమ్మేట్ కలిసి ఆ రెగ్యులేషన్స్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి మొదటి పేజీ నుంచి చదివాం. నేను ఇంటర్ వరకూ తెలుగు మీడియం, తనది కరీంనగర్ వైపు ఒక పల్లె, తనదీ తెలుగు మీడియమే. ఆ ఇంగ్లిష్‌లో ఒక్కో వాక్యం అయిదారు లైన్లు ఉంటుంది, మధ్యలో మూడు షరతులు ఉంటాయి, చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాం. అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, ఒక్కో రూల్‌నీ విడగొట్టి తెలుగులో రాసుకుంటూ పోయాం. "ఇది జరిగితే ఇది, లేదంటే అది" అన్నట్టు. పొద్దున రెండున్నర అయింది. అందులో డిస్టింక్షన్ గురించి ఒక చోట ఉంది: చివరికి సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్లూ కలిపి పదికి వేసే సగటు, 8 రావడం ఒక్కటే చాలదు, అన్ని సబ్జెక్టులూ మొదటిసారి రాసినప్పుడే పాస్ అయి ఉండాలి. అంటే ఇంకా మూడేళ్ల చదువు మిగిలి ఉండగానే నాకు డిస్టింక్షన్ లేదని తేలిపోయింది. ఆ లైను తెలుగులో రాసింది మా రూమ్మేటే. రాసి, పెన్ను మూసి, ఏమీ అనకుండా నా వైపు నీళ్ల బాటిల్ జరిపింది.

మాది మిర్యాలగూడ. నాన్న ఒక రైస్ మిల్లులో గుమాస్తా. ఎంసెట్‌లో నా ర్యాంకు పది వేలు దాటింది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ఏడాదికి 35 వేలు వచ్చేది, మిగతాది నాన్న సర్దేవాడు. సీఎస్ఈ ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే ఉద్యోగం వస్తుందని చెప్పేదాన్ని, అంతకుమించి నాకు తెలియదు. వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు కాలేజీల కోడ్‌లూ కిందటేడు కటాఫ్‌లూ చూశాం గానీ, ఈ నాలుగేళ్లలో ఏం చదవాలి, ఎన్ని పూర్తి చేస్తే డిగ్రీ ఇస్తారు, ఏది ఆగితే ఏది ఆగుతుంది అన్నది మేమెవ్వరమూ చూడలేదు. ఇప్పుడు మా చుట్టాల పిల్లలు ఎవరు అడిగినా ముందు ఆ పీడీఎఫ్ తీయమంటాను.

లెక్క నిజానికి కష్టమైనదేం కాదు. మాకు మొత్తం 160 క్రెడిట్లు. మా పై బ్యాచ్‌ల వాళ్లకి ఆర్16లో 192 ఉండేవి. వారానికి ఒక గంట క్లాసుకి ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒకటి. వారానికి మూడు క్లాసుల సబ్జెక్టు పాసైతే మూడు క్రెడిట్లు వస్తాయి, ఫెయిలైతే సున్నా, సగం ఇవ్వడం అనేది లేదు. ఫస్టియర్ నుంచి సెకండియర్‌కి వెళ్లాలంటే అప్పటిదాకా ఉన్న క్రెడిట్లలో సగం ఉండాలి, ఆపై ఏడాదుల్లో 60 శాతం ఉండాలి, లేకపోతే డిటెయిన్, అంటే పై ఏడాదికి పంపకుండా ఆపేస్తారు. మా క్లాసులో బ్యాక్‌లాగ్‌లు చాలామందికి ఉండేవి, కానీ ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో లెక్క వేసుకునేవాళ్లు తక్కువ. "నాకు మూడు బ్యాక్‌లాగ్స్" అని చెప్పేవాళ్లు గానీ ఆ మూడూ కలిపి ఎన్ని క్రెడిట్లో చెప్పలేకపోయేవాళ్లు. నాలుగు క్రెడిట్ల మ్యాథ్స్ పోవడం వేరు, ఒకటిన్నర క్రెడిట్ ల్యాబ్ పోవడం వేరు. సప్లీలకి ఏది ముందు చదవాలో ఈ లెక్క బట్టే తేల్చుకోవాలి. గ్రాఫిక్స్ నేను తర్వాతి సప్లిమెంటరీలోనే రాసి పాసయ్యాను. గీతలు గీసే ఆ డ్రాఫ్టర్‌ని మళ్లీ భుజాన వేసుకుని బస్సెక్కాను, ఈసారి రోజుకో షీట్ చొప్పున నిజంగా గీశాను.

సెకండియర్ మొదటి సెమ్‌లో డేటా స్ట్రక్చర్స్. ఫస్టియర్‌లో సి లాంగ్వేజ్ నేర్పించారు, పాయింటర్లు, అంటే డేటా మెమరీలో ఎక్కడుందో చెప్పే చిరునామాలు, వచ్చేసరికి సెమిస్టర్ అయిపోవస్తోంది, గబగబా చెప్పేశారు, మేం గబగబా బట్టీ పట్టేశాం. ఒక ముక్క తర్వాతి ముక్క ఎక్కడుందో చెప్పే లింక్డ్ లిస్ట్ మొదలయ్యాక తెలిసింది, పాయింటర్ రాకపోతే ఇక్కడ ఒక్క అడుగు ముందుకు పడదు. ల్యాబ్‌లో నా ప్రోగ్రామ్ కంపైల్ అయ్యేది, రన్ చేయగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఒక్క ముక్క వచ్చి ఆగిపోయేది. ఏ లైన్లో తప్పో చెప్పదు. మూడు ల్యాబ్‌లు ఇలాగే పోయాయి. టెన్షన్‌తో రికార్డులో వేరే వాళ్లది చూసి రాసి సంతకం పెట్టించుకున్నాను, ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దసరా సెలవులకి ఇంటికెళ్తే నాన్నకి అన్నం క్యారియర్ ఇవ్వడానికి మిల్లుకి వెళ్లాను. కొత్త వడ్లు దిగుతున్నాయి. ఒక రైతు తెచ్చిన లోడ్ అంతా గోదాములో ఒకే చోట పట్టదు. అరవై బస్తాలు ఈ మూల, నలభై ఆ గోడ వారన, ఇంకో ముప్పై రేకుల షెడ్డులో పెడతారు. నాన్న ఒక్కో దొంతరకీ ఒక చీటీ కట్టేవాడు. చీటీ మీద రెండే సంగతులు: ఇక్కడ ఎన్ని బస్తాలు, ఇదే లాటు మిగతావి ఎక్కడ ఉన్నాయి. చివరి దొంతర చీటీ మీద అడ్డగీత. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు ఎందుకో అక్కడే నిలబడిపోయాను. బస్తాలు డేటా, "మిగతావి ఎక్కడ" అన్నది పాయింటర్, ఆ అడ్డగీత నల్, అంటే ఇక్కడితో అయిపోయిందన్న గుర్తు. మొదటి చీటీ ఎక్కడుందో నాన్న పుస్తకంలో రాసి ఉంటుంది, అదే హెడ్. మధ్యలో ఇంకో ఇరవై బస్తాలు కలపాలంటే ఏం చేస్తావు నాన్నా అని అడిగాను. "కొత్త చీటీ మీద తర్వాతి చోటు ముందే రాసుకోవాలె బిడ్డా. పాత చీటీ తర్వాత దిద్దాలె. ముందే పాతది దిద్దినమనుకో, ఆ వెనకాలవి యాడున్నయో ఎవనికీ ఎరుక ఉండది" అన్నాడు. నా ఇన్సర్ట్ ఫంక్షన్‌లో తప్పు సరిగ్గా అదే. రెండు లైన్లు ముందువి వెనకా, వెనకవి ముందూ రాశాను. చీటీ పోయి బస్తాలు ఉండిపోతే గోదాములో చోటు పోతుంది, సరుకు ఉన్నా లేనట్టే. దాన్నే మెమరీ లీక్ అంటారని సెలవులయ్యాక మా మేడమ్‌కి ఈ సంగతంతా చెబితే ఆవిడ చెప్పారు, ఆపైన నా చేత బోర్డు మీద దొంతరలు గీయించి క్లాసంతటికీ చెప్పించారు. తెలుగులోనే చెప్పాను.

అయితే ఆ సెమిస్టర్‌లోనే డెంగ్యూ వచ్చింది. ఆ ఏడు వానాకాలం హైదరాబాద్ అంతా డెంగ్యూనే. ప్లేట్‌లెట్స్ పడిపోయి మూడు వారాలు, నీరసంతో మరో రెండు వారాలు ఇంట్లోనే ఉన్నాను. తిరిగొచ్చేసరికి హాజరు 68 శాతం దగ్గర ఆగింది. రూల్ ప్రకారం అన్ని సబ్జెక్టులూ కలిపి 75 ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్యం లాంటి సరైన కారణం చూపించి, ఆ లోటు మన్నించడానికి కండోనేషన్ ఫీజు కట్టాలి, 65 కంటే తగ్గితే పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఈసారి మాత్రం నాకు ఇవన్నీ ముందే తెలుసు, నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుని ఉన్నాను కదా. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే డిశ్చార్జి కాగితాలు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ ఒక కవర్లో పెట్టించాను. ఇంకో చిన్న రూల్ కూడా ఉంది, సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్ష రాసిన ప్రతి థియరీ సబ్జెక్టుకీ రెండు పీరియడ్ల హాజరు కలుపుతారు. అందుకే ఒంట్లో బాగాలేకపోయినా రెండో మిడ్‌కి వెళ్లి రాశాను. నాతోపాటే జ్వరం వచ్చిన ఒకబ్బాయి ఆర్ఎంపీ దగ్గర మందులు వాడాడు, కాగితాలేవీ లేవు, పాపం ఎన్నిసార్లు తిరిగాడో.

క్రెడిట్లు లేని సబ్జెక్టుల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పడేది అక్కడే. రాజ్యాంగం, పర్యావరణం, జెండర్ సెన్సిటైజేషన్, ఇలాంటివి మ్యాండేటరీ కోర్సులు. వీటికి సున్నా క్రెడిట్లు, సీజీపీఏలో కలవవు. సున్నా అనగానే రాయకపోయినా పర్లేదని అనుకుంటాం. కానీ వీటిలో సంతృప్తికరం అని రాకపోతే 160 క్రెడిట్లు నిండినా డిగ్రీ రాదు. మా రూమ్మేట్ పర్యావరణం మిడ్ రోజున అక్క పెళ్లికి వెళ్లింది. నోట్‌బుక్‌లో ఆ పేజీ రాసింది తనే, అయినా ఆ రోజుకి గుర్తు లేదు. ఫైనలియర్‌లో ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం లెక్కలు చూసుకుంటుంటే బయటపడింది, అప్పుడు కాలేజీలో మళ్లీ రాసి గట్టెక్కింది. ఉద్యోగం ఆఫర్ చేతిలో పెట్టుకుని ఆ రెండు వారాలు తను నిద్రపోలేదు.

ఈ సబ్జెక్టులు సీఎస్ఈ వాళ్లకెందుకు అని నేనూ అనుకున్నాను. నాకు జవాబు మా బ్లాక్ మెట్ల దగ్గర గోడ మీద ఉన్న బోర్డులో దొరికింది, అదీ వేరే కారణంతో చదవాల్సి వచ్చి. 2020 జనవరిలో ఎన్‌బీఏ వాళ్లు, అంటే ఇంజినీరింగ్ కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ వాళ్లు, అక్రెడిటేషన్‌కి వస్తున్నారని డిపార్ట్‌మెంట్‌లో హడావుడి. విజన్, మిషన్, పీఈఓలు, పీఓలు, పీఎస్ఓలు అన్నీ అందరికీ నోటికి రావాలన్నారు. ఆ బోర్డు కింద నుంచి రోజుకి నాలుగుసార్లు వెళ్లేదాన్ని, ఎప్పుడూ తలెత్తి చూడలేదు. బట్టీ పట్టడం మొదలుపెట్టి, నోటికి రావట్లేదని మళ్లీ ఆ నోట్‌బుక్ తీసి తెలుగులో రాసుకున్నాను.

పీఓలు (ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్) అంటే డిగ్రీ పూర్తయ్యే రోజుకి మన చేతికి రావాల్సినవి, అప్పట్లో మొత్తం 12. అన్ని ఇంజినీరింగ్ బ్రాంచీలకీ అవే. 2014లో మన దేశం వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం తీసుకుంది కదా, అందులో ఉన్న దేశాలు ఒకరి డిగ్రీలను ఒకరు గుర్తించాలంటే ఇంజినీర్‌కి ఏం వచ్చి ఉండాలో ఒక ఒప్పందం కావాలి, వీటి మూలం అది. మొదటి అయిదూ మనం చదువు అనుకునేవే: గణితం, సైన్సు ఉపయోగించడం, సమస్యను విడదీసి చూడటం, పరిష్కారం తయారుచేయడం, ప్రయోగం చేసి తేల్చుకోవడం, పనిముట్లు వాడటం. మిగతా ఏడూ వేరు. మనం చేసేది జనానికి ఏం చేస్తుంది, పర్యావరణానికి ఏం చేస్తుంది, నీతి, పదిమందితో కలిసి పనిచేయడం, చెప్పగలగడం, డబ్బూ టైమూ లెక్క చూసుకోవడం, చివరిది జీవితాంతం నేర్చుకుంటూ ఉండటం. పన్నెండులో ఏడు! రాజ్యాంగం ఎందుకో, బిజినెస్ ఎకనామిక్స్ ఎందుకో, ఆ జెండర్ ల్యాబ్ ఎందుకో ఒక్కసారిగా తెలిసింది. మాకు ఆ ల్యాబ్ మొదలైనప్పుడు వెనక బెంచీల్లో నవ్వులు వినిపించేవి. నాకు మాత్రం ఇంటిపని లెక్కల క్లాసు బాగా గుర్తు, అమ్మ రోజంతా ఏమేం చేస్తుందో గంటల ప్రకారం రాయమన్నారు, రాస్తే పదిహేడు గంటలు దాటింది.

పీఈఓలు (ప్రోగ్రామ్ ఎడ్యుకేషనల్ ఆబ్జెక్టివ్స్) ఇంకో రకం. అవి డిగ్రీ అయిపోయాక నాలుగైదేళ్లకి ఆ మనిషి ఎక్కడ ఉండాలో చెప్పే లక్ష్యాలు. వాటికి పరీక్ష ఉండదు. పీఎస్ఓలు (ప్రోగ్రామ్ స్పెసిఫిక్ అవుట్‌కమ్స్) సీఎస్ఈకి మాత్రమే చెందినవి, రెండో మూడో ఉంటాయి. ఈ తేడా మాకు క్లాసులో ఎవరైనా పది నిమిషాలు తెలుగులో చెప్పి ఉంటే బట్టీ పట్టాల్సిన పనే ఉండేది కాదని నా అభిప్రాయం.

తర్వాత రెండు నెలలకే లాక్‌డౌన్. హాస్టల్ ఖాళీ చేయమన్నారు, ట్రంకు పెట్టె అక్కడే వదిలేసి ఒక్క బ్యాగుతో వచ్చేశాను. సెకండియర్ చివర, థర్డియర్ చాలావరకూ మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో ఫోన్ పట్టుకుని విన్నాను. ల్యాప్‌టాప్ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఫోన్లో ఆన్‌లైన్ కంపైలర్ మీద చేశాను. అక్షరాలు చిన్నవై సెమీకోలన్ కనిపించేది కాదు.

ఆ కాలంలో నన్ను నిలబెట్టింది థియరీ సబ్జెక్టు, ఆటోమాటా. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం చాలు. అందరూ భయపెట్టే సబ్జెక్టు అది. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలు రాత్రి డేటా మిగిలితే డౌన్‌లోడ్ చేసుకుని పొద్దున చూసేదాన్ని, ఒక కోర్సుకి వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష కూడా రాశాను. ఒక చిన్న యంత్రానికి గుర్తుపెట్టుకునే శక్తి ఇంతే ఉంటే అది ఏం లెక్కపెట్టగలదు, ఏం లెక్కపెట్టలేదు అన్నది కాగితం మీద నిరూపించడం, అదీ ఎవరూ కాదనలేనట్టు నిరూపించడం నాకు చాలా నచ్చింది. తర్వాతి సెమ్‌లో కంపైలర్ డిజైన్ వచ్చినప్పుడు అదే ఆటోమాటా మళ్లీ కనిపించింది, మనం రాసిన కోడ్‌లో ఏది పేరు, ఏది అంకె, ఏది గుర్తు అని విడగొట్టే మొదటి మెట్టే అది. సిలబస్‌లో సబ్జెక్టులు ఆ వరుసలో ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. డిస్క్రీట్ మ్యాథ్స్ లేకుండా ఆటోమాటా రాదు, ఆటోమాటా లేకుండా కంపైలర్ రాదు. కంప్యూటర్ ఆర్గనైజేషన్ చదవకుండా ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో మెమరీని ముక్కలు చేసి వాడే పేజింగ్ తలకెక్కదు. మేం మాత్రం ఒక్కోదాన్నీ పరీక్షకి చదివి, అయ్యాక నోట్స్ అమ్మేసేవాళ్లం. డిస్క్రీట్ నోట్స్ నేనూ అమ్మేశాను, తర్వాత జూనియర్ దగ్గర అడిగి మళ్లీ జిరాక్స్ తీసుకున్నాను.

ఫైనలియర్ ప్రాజెక్టు. నలుగురం టీమ్. అమీర్‌పేటలో డబ్బులిస్తే కోడ్, డాక్యుమెంట్, పీపీటీ అన్నీ ఇచ్చేవాళ్లు ఉన్నారని అందరికీ తెలుసు, మా క్లాసులోనూ చాలా టీములు అదే దారి పట్టాయి. మా టీమ్‌లోనూ ఒకబ్బాయి అదే మేలన్నాడు, ప్లేస్‌మెంట్లకి చదువుకోవచ్చు కదా అని. అది తప్పని నేను గట్టిగా వాదించాను. మూడేళ్లకి పైగా విడివిడిగా చదివినవి ఒక చోట కలిపి చూసుకునే అవకాశం సిలబస్ మొత్తంలో అదొక్కటే. చివరికి నాన్న మిల్లు చీటీలకే ఒక యాప్ చేద్దామని ఒప్పుకున్నారు.

మొదట ఒకే టేబుల్ పెట్టాం. రైతు పేరు, ఊరు, ఫోను, బస్తాలు, బరువు, తేమ. వారం రోజులు నాన్న పాత పుస్తకం నుంచి ఎక్కించి చూస్తే ఒకే రైతు ముగ్గురు రైతులయ్యాడు, ఒక చోట వెంకటయ్య, ఒక చోట వెంకయ్య, ఇంకో చోట ఎంకటయ్య. ఫోన్ నంబర్ మారితే అయిదు చోట్ల దిద్దాలి. ఒకే సంగతి పదిచోట్ల రాయకుండా టేబుళ్లు విడగొట్టే నార్మలైజేషన్ గురించి డేటాబేస్‌ల సబ్జెక్టు డీబీఎంఎస్‌లో నిర్వచనాలతో సహా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్నే, అదెందుకో మాత్రం ఇక్కడ తెలిసింది. రైతులకి వేరే టేబుల్, ఒక్కొక్కరికీ ఒక నంబర్, లాటులో ఆ నంబర్ మాత్రమే. తర్వాత నాన్న అడిగాడు, "నెట్ లేకపోతే ఎట్ల?" షెడ్డులో సిగ్నల్ ఉండదు. సరే, ముందు ఫోన్లోనే దాచి, సిగ్నల్ రాగానే పంపేలా మార్చాం. రెండు ఫోన్లలో రాస్తే రెండింటిలోనూ 118 అని ఒకే లాటు నంబర్ పడి, ఒకటి ఇంకోదాని మీద ఎక్కేసింది. నలభై రెండు బస్తాలు లెక్కలో మాయం. రెండు రోజులు తలలు బద్దలు కొట్టుకుని, ఒక్కో ఫోన్‌కి ఒక్కో అక్షరం ముందు పెట్టాం, క118, చ118 అని. ఇది చాలా చిన్న మార్పు, కానీ మేమే కనిపెట్టుకున్నాం.

ఇంకోటి జరిగింది. హమాలీలకి కూలి బస్తా లెక్కన ఇస్తారు. సాయంత్రం లెక్క దగ్గర అప్పుడప్పుడు మాట తేడాలు వచ్చేవి. యాప్‌లో ఆ లెక్క ఎలాగూ ఉంది కాబట్టి అది వాళ్లకీ కనిపించాలని నేనన్నాను, అది మనకి చెప్పిన పనిలో లేదు కదా అని టీమ్‌లో ఒకరన్నారు. గోడ మీది బోర్డు గుర్తొచ్చింది నాకు, జనానికి ఏం చేస్తుందన్న ఆరోదీ, నీతి అన్న ఎనిమిదోదీ. గైడ్ మేడమ్ దగ్గర ఆ మాటే చెప్పాను. చివరికి పెద్ద అంకెలతో ఒక స్క్రీన్ పెట్టాం, ఎవరు ఎన్ని దించారో దూరం నుంచి కూడా కనిపించేలా. చదువు రాని వాళ్లకి పేరు బదులు రంగు. దాని గురించి రిపోర్టులో రాసింది అర పేజీయే గానీ, నాలుగేళ్లలో నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే.

ప్లేస్‌మెంట్లలో చాలా కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింటిలో 60 శాతం, పెండింగ్ బ్యాక్‌లాగ్ ఉండకూడదు అని పెట్టాయి. ఎప్పుడో ఒకటి ఉండి తర్వాత పాసైతే అడ్డం కాలేదు. నన్ను తీసుకున్న చోట ఇంటర్వ్యూలో ఫారిన్ కీ, అంటే లాటు టేబుల్‌లో పెట్టిన రైతు నంబర్ లాంటిది, ఎందుకు అని అడిగితే వెంకటయ్య సంగతి చెప్పాను, మిగతా అరగంట దాని మీదే నడిచింది. 2022లో వచ్చిన, నాలుగేళ్ల మార్కులూ కలిపి ఇచ్చే కన్సాలిడేటెడ్ మెమోలో సీజీపీఏ 8.14, కింద ఫస్ట్ క్లాస్ అని ఉంది. డిస్టింక్షన్ లేదు. నాన్న దాన్ని లామినేషన్ చేయిస్తానంటే వద్దని ఆపాను, ఒరిజినల్స్ లామినేట్ చేస్తే వెరిఫికేషన్ దగ్గర ఇబ్బంది.

మొన్న డిపార్ట్‌మెంట్ నుంచి పాత విద్యార్థులందరికీ ఒక ఫారం వచ్చింది. పీఈఓలు ఎంతవరకు నెరవేరాయో ఒకటి నుంచి మూడు వరకు ఇవ్వాలి. నాలుగైదేళ్ల తర్వాత అని బోర్డు మీద రాసింది ఇదన్నమాట, ఆ టైము నాకూ వచ్చింది. చాలామంది అన్నిటికీ మూడు కొట్టి పంపిస్తారు. నేను ఒక ఆదివారం పొద్దంతా కూర్చుని నింపాను. చెప్పగలగడం దగ్గర రెండు ఇచ్చాను, మీటింగుల్లో ఇప్పటికీ ఇంగ్లిష్‌లో మాట తడబడుతుంది. కింద సూచనలు రాయమని ఖాళీ డబ్బా ఉంది. కొత్తగా చేరిన పిల్లలకి మొదట్లో జరిగే ఇండక్షన్ తరగతుల్లో ఒక రోజు రెగ్యులేషన్స్ తెలుగులో చదివి చెప్పండి, 26 మార్కుల రూలూ సున్నా క్రెడిట్ల రూలూ ముందుగా చెప్పండి, మా దగ్గర తెలుగులో రాసుకున్న నోట్‌బుక్ ఉంది, కావాలంటే పంపిస్తాను అని రాశాను.

రెండు రోజులకి డిపార్ట్‌మెంట్ నుంచి మేడమ్ ఫోన్ చేశారు. ఇప్పుడు రెగ్యులేషన్స్ మారాయి కదమ్మా, అయినా ఆ పద్ధతి బాగుంది, పేజీలు ఫొటో తీసి పంపించు, కొత్తవాటికి తగ్గట్టు దిద్దుకుంటాం అన్నారు. నోట్‌బుక్ మిర్యాలగూడలో నాన్న చీటీల పెట్టెలో ఉంది. శనివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను. మా రూమ్మేట్‌కి కూడా చెప్పాను, సగం రాత తనది కాబట్టి తనూ వస్తానంది.